సాక్షి మేకు

తూములపాడులో నిజం తేల్చుకోవడానికి ఎవరూ పోలీసు స్టేషను మెట్లెక్కరు. ఊరికి తూర్పున, సాగరు కాలువ నుంచి పిల్లకాలువ చీలే చోట, కోటిరత్నం వాళ్ళ చేను గట్టు మీద ఒక సిమెంటు చట్రం ఉంది. దాని మీద ఇనుప మూత. మూత తీస్తే లోపల బొటనవేలంత లావున ఇనుప ఊచ తల కనిపిస్తుంది. ఊరంతా దాన్ని సాక్షి మేకు అంటుంది.

ఎవరి మీదైనా నింద పడితే, ఆ మనిషి తలస్నానం చేసి, తడిబట్టలతో వచ్చి, మేకు మీద చెయ్యివేసి ప్రమాణం చెయ్యాలి. పెద్దమనిషి అంకయ్య చట్రం అంచుకి సరిసమానంగా మేకు మీద సున్నంతో గీత గీస్తాడు. మూత వేసేస్తారు. మళ్ళీ నెల తిరిగేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరాదు. నెల తిరిగాక మూత తీస్తారు. గీత అంచుకి పైన కనబడితే ఆ మనిషి మాట సత్యం. గీత అంచు కిందికి పోతే, ఆ అబద్ధం మొయ్యలేక మేకు భూమిలోకి దిగిపోయిందని లెక్క.

"అది దేవుడు కాదురా, దండం పెట్టకండి. సాక్షి" అంటాడు అంకయ్య. "సాక్షి గడప ఎవరికీ మూయకూడదు. వచ్చి ప్రమాణం చేస్తానన్నవాణ్ణి కాదనే హక్కు నాక్కూడా లేదు."

కాలువ తవ్విన రోజుల్లో సర్కారు మనుషులెవరో గట్టు మీద గుడారం వేసుకుని, ఊచకి ఊచ బిగించి దించుతూనే ఉన్నారట. నల్లరేగడి దాటింది, సుద్ద దాటింది, ఇంకా దిగుతూనే ఉందట. అంత లోతుకి పోయిన దానికి తెలియని నిజం ఏముంటుందని ఆనాటి పెద్దలు అనుకున్నారు. అనుకున్నది ఆచారమైంది.

రేపు ఆ మేకు మీద కోటిరత్నం కొడుకు వీరబాబు చెయ్యి వెయ్యాలి.

రాము అనే రైతు బోరు మోటారు విప్పి అందులో రాగి తీగ ఎవరో ఎత్తుకుపోయారు. ఆ రోజు అటువైపు ట్రాక్టరు తోలింది వీరబాబే. రాము రచ్చబండ దగ్గర నలుగురిలో నిలబడి, "నేను పేరు చెప్పను గానీ, ట్రాక్టరు తోలేవాడికి పానాలు ఎక్కడుంటాయో తెలుసు" అన్నాడు. పేరు చెప్పడం ఇంకెలా ఉంటుంది? ట్రాక్టరు ఆసామి తాళాలు వెనక్కి తీసుకోలేదు, కానీ "ప్రమాణం అయ్యాక చూద్దాంలే" అన్నాడు. దొంగ అనే పేరు ఒకసారి పడితే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఆసామీ వీరబాబు చేతికి తాళం ఇవ్వడు.

కోటిరత్నానికి భయం లేదు. కొడుకు చెయ్యలేదని ఆమెకి తెలుసు. మేకు అబద్ధం చెప్పదనీ తెలుసు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఏదో గాదె తగువులో మాఘమాసంలో ప్రమాణం చేస్తే, మేకు వేలెడు పైకి లేచింది. అప్పటినుంచీ వాళ్ళింటికి సత్యవంతుల ఇల్లని పేరు. పొద్దున్నే దీపం పెట్టి, వెంకటేశ్వరస్వామికి నమస్కారం చేసుకుని, చట్రం కడగడానికి బిందె తీసుకుని గట్టుకి బయల్దేరింది.

గట్టు మీద స్కూటరు ఉంది. చట్రం పక్కన ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూత తీసి ఉంది.

"ఎవడ్రా అది? మూత మీద చెయ్యెయ్యడానికి నీకెన్ని గుండెలు?"

ఆ మనిషి ఉలిక్కిపడలేదు. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన గడ్డం, మోకాళ్ళ దాకా బురద, పక్కన సన్నటి గునపం. తల ఎత్తి పండగ పూట బంధువుని చూసినట్టు నవ్వాడు.

"ఇదే అదమ్మా! ఇదే! మీరు చెప్పండి, ఈ చుట్టుపక్కల ఇంకో మేకు లేదు కదా? ఇదొక్కటేగా?"

"ఒక్కటే. నీ నెత్తిన పొడవడానికి ఆ ఒక్కటీ చాలు. లే అక్కణ్ణించి!"

లేచాడు గానీ వెళ్ళలేదు. అతని పేరు అబ్దుల్ ఖాదర్. ఒంగోలులో కూలర్లు బాగుచేసే షాపు ఉంది. ఈ మేకులు వెతకడం అతనికి సరదా. భూమి ఎత్తు కొలవడానికి సర్వేవాళ్ళు అక్కడక్కడా దింపిన ఊచలట ఇవి. పాత కాగితాల్లో ఫలానా తూముకి ఇంత దూరం, ఫలానా వంతెనకి అంత దూరం అని ఉంటుందట. ఆ తూములు పోయాయి, వంతెనలు పోయాయి. ఇతనూ, ఇతనిలాంటివాళ్ళు ఇంకొందరూ సెలవు దొరికితే చాలు, గునపం పట్టుకుని చేల వెంట తిరిగి, మట్టి గుచ్చి చూసి, దొరికితే తుడిచి, ఫోటో తీసి, మళ్ళీ మట్టి కప్పి వస్తారట. కొత్తపట్నం దారిలో ఒకదానికి మేకపిల్లని కట్టేసి ఉందట. చీమకుర్తి వైపు ఒకటి లారీలు ఆపే చోట గ్రానైటు ముక్కల కింద పోయిందట. ఇదంతా అడక్కుండానే చెప్పాడు.

"ఎవరిస్తారు నీకు డబ్బులు?"

"ఎవరిస్తారమ్మా? మా ఆవిడ తిట్లిస్తుంది."

"అంటే గుప్తనిధులు తవ్వేవాడివి."

"నిధులైతే మా ఆవిడే పంపేది." మళ్ళీ చట్రం వైపు తిరిగాడు. "అదికాదు గానీ, ఈ సున్నం ఎవరమ్మా పూసేది? చట్రం మీద అక్షరాలున్నాయి, సగం పూడిపోయాయి. గవర్నమెంటు మేకుకి వెల్లవేస్తారా ఎక్కడైనా?"

కోటిరత్నానికి ఒళ్ళు మండింది. బిందె కింద పెట్టి, గట్టు మీదున్న కందికట్టె తీసుకుంది. అతను రెండడుగులు వెనక్కి వేసి, ఫోను ముందుకి చాచాడు. "కొట్టండి, కానీ చూసి కొట్టండి. ఇది పోయిన శ్రావణంలో తీసింది. ఇది సంక్రాంతి వెళ్ళాక తీసింది."

"నువ్వు ముందు కూడా మూత తీశావా?"

"తీసినట్టే పెట్టేశానమ్మా. చూడండి. శ్రావణంలో మేకు తల అంచు కన్నా లోపలికి ఉంది. సంక్రాంతికి కాస్త పైకి వచ్చింది. ఇవాళ ఇంకా పైకి ఉంది. నాతో మేకులు వెతికే మా వాళ్ళు నమ్మలేదు. ఒకటి కాదు, వేరే వేరే మేకులు చూసి వచ్చావన్నారు. నవ్వారు. అందుకే ఎండలు ముదిరాక చూద్దామని, కూలర్ల సీజనులో షాపు మూసి మరీ వచ్చాను. మేకు ఒకటేనమ్మా. మేకు కదల్లేదు. మీ ఊరే కదులుతోంది."

"ఏంటి?"

అతను కూర్చుని, మేకుకీ దాని చుట్టూ ఉన్న ఇనుప గొట్టానికీ మధ్య సందులో గడ్డిపరక దూర్చి చూపించాడు. "మట్టి పట్టుకోకుండా ఈ గొట్టం వేశారు. లోపలి ఊచ కింద రాతి మీద కూర్చుంది. ఈ చట్రం మాత్రం మీ రేగడి మీద కూర్చుంది. వాన పడితే రేగడి ఉబ్బుతుంది, చట్రం లేస్తుంది. ఎండ కాస్తే మట్టి కుంచించుకుపోతుంది, చట్రం దిగుతుంది. మనం చట్రం పక్కన నిలబడి చూస్తాం కాబట్టి మేకు దిగినట్టు, లేచినట్టు కనబడుతుంది. రైల్లో కూర్చుంటే చెట్లు నడిచినట్టు."

కోటిరత్నం చేతిలో కట్టె అలాగే ఉంది. "అంటే ఇవాళ గీత గీస్తే..."

"గీత దేనికమ్మా?"

"చెప్పు! ఇవాళ గీస్తే, వానలు పడ్డాక?"

"అంచు కిందికి పోతుంది. ఎవరు గీసినా పోతుంది."

"దసరా వెళ్ళాక గీస్తే?"

"నేల ఆరేకొద్దీ పైకి తేలుతుంది. ఎవరు గీసినా."

ఆమె గట్టిగా అరిచింది. భయమో కోపమో ఆమెకే తెలియదు. "ఒరేయ్, రండ్రా! ఎవడో సాక్షి మూత తీశాడు!"

చేలల్లో ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు రాము వచ్చాడు. ఖాదర్ చేతిలో ఫోను లాక్కుని వేలితో నెట్టుకుంటూ పోయాడు. "ఇదేంట్రా, అన్నీ మేకులే! పెళ్ళాం ఫోటో ఒక్కటి లేదు. ఏమయ్యా సాయిబూ, మేకుని చేసుకున్నావా?"

జనం నవ్వారు. ఆ నవ్వులో చేతులు లేచాయి. ఒకడు చొక్కా పట్టుకున్నాడు, ఒకడు స్కూటరు టైర్లలో గాలి తీశాడు. అంకయ్య వచ్చి చెయ్యెత్తబట్టి దెబ్బలు పడలేదు. "రేపు ప్రమాణం ఉంది. ఇవాళ సాక్షి ముందు రక్తం కారకూడదు. ఇతని గునపం ఇక్కడ వదిలి పొమ్మనండి" అన్నాడు. ఖాదర్ మట్టి గురించి చెప్పబోతే, "నోరు తెరిస్తే కాలువలో పడేస్తాం" అన్నాడు రాము. ఫోను మాత్రం ఇచ్చేశాడు. గాలి లేని స్కూటరు నెట్టుకుంటూ పోతూ ఖాదర్ వెనక్కి తిరిగి, "మూత జాగ్రత్తగా పెట్టండమ్మా, నీళ్ళు పోతే తుప్పు పడుతుంది" అన్నాడు. ఎవరో మట్టిగడ్డ విసిరారు.

*

ఇంటికొచ్చి తలుపు తెరిచింది కోటిరత్నం. తలుపు సాఫీగా తెరుచుకుంది. ఆమె గడపలోనే నిలబడిపోయింది. వానాకాలం ఇదే తలుపు గడపకి పట్టేసి భుజంతో నెడితే గానీ కదలదు. వంటింటి గోడలో బీట ఈ రోజుల్లో వేలు దూరేంత ఉంటుంది. భాద్రపదానికి మూసుకుపోతుంది. రేగడి మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళందరికీ ఇది తెలిసిందే. ఇల్లు లేస్తుంది, కూర్చుంటుంది. ఊరంతా లేస్తుంది, కూర్చుంటుంది. గట్టు మీద చట్రం ఒక్కటీ ఎందుకు లేవదు?

బియ్యం చెరుగుతూ గుర్తు చేసుకుంది. అత్తగారి ప్రమాణం మాఘంలో. సత్యం. కుమ్మరిపాలెం నుంచి కోడలిగా వచ్చిన పిల్ల మీద నింద పడింది తొలకరి ముందు. అబద్ధం. ఆ పిల్లని పుట్టింటికి పంపేశారు. గొర్రెలు తోలుకుపోయాడని ఒకడి మీద నింద పడింది సంక్రాంతి వెళ్ళాక. సత్యం. గట్లు తెంపారనీ, నీళ్ళు మళ్ళించారనీ తగువులు ఎప్పుడొస్తాయి? ఎండలు ముదిరాకే కదా. ఆ తగువుల్లో ప్రమాణం చేసినవాళ్ళు ఒక్కరైనా గెలిచారా?

చేట చేతిలోంచి జారింది. రోశయ్య.

రోశయ్య ఆమె మరిది. మూడేళ్ళ కిందట కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉండగా, పిల్లకాలువకి గండి పడి తెల్లవారేసరికి కల్లమంతా నీళ్ళు నిలిచాయి. ఏడాది కష్టం తెల్లబడి తాలైపోయింది. గండి రోశయ్య చేను పక్కనే పడింది. గట్లకి ఎలుక బొరియలు లేకపోలేదు. కానీ అప్పటికి అన్నదమ్ముల మధ్య వాటాల మాటలు నడుస్తున్నాయి. "నువ్వే తెంపావు, సాక్షి మీద చెయ్యెయ్" అని నలుగురిలో నిలదీసింది కోటిరత్నమే. అతను తడిబట్టలతో వచ్చి చెయ్యివేశాడు. జ్యేష్ఠమాసం. నెల తిరిగేలోగా వానలు పడ్డాయి. గీత కనబడలేదు.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ అతన్ని పనికి పిలవలేదు. భార్య మల్లేశ్వరిని ఇంటి దగ్గర వదిలి, చీమకుర్తిలో గ్రానైటు కోసే పనికి పోయాడు. ఊరికి రాలేదు.

మధ్యాహ్నం భర్త రామాంజనేయులు అన్నానికి కూర్చుంటే అంతా చెప్పింది. అతను ముద్ద కలుపుతూ విన్నాడు. తిట్టలేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

"అయితే మనకి మంచిదే కదే" అన్నాడు.

"ఏది మంచి?"

"రేపు చేయించొద్దు. వీడికి కామెర్లు వచ్చాయి, నాటు మందు మింగాడు, పథ్యం, కార్తీకం దాకా తలస్నానం పనికిరాదు అంటాను. అంకయ్య మామ కాదనడు. కార్తీకం వెళ్ళాక చేస్తాడు. మేకు లేస్తుంది. వాడికి పేరూ ఉంటుంది, ఊరికి సాక్షీ ఉంటుంది."

"మరి రోశయ్య?"

"రోశయ్య సంగతి ఎప్పుడో అయిపోయింది."

"నీ తమ్ముడయ్యా!"

"నిలదీసింది నువ్వు" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నా తమ్ముడని నాకు చెప్తున్నావా?" కంచంలో చెయ్యి కడిగేసి లేచాడు. ఆమె కాదనలేదు. కొడుకు మొహం గుర్తొచ్చి, కార్తీకమే మంచిదనిపించింది.

సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా నీళ్ళు పట్టుకుని వెళ్ళాక, కోటిరత్నం ఒక్కతే ఉండగా మల్లేశ్వరి వచ్చింది. మూడేళ్ళుగా ఆమె వంతు అదే, అందరూ అయ్యాక. ఇద్దరికీ మాటల్లేవు. మల్లేశ్వరి బిందె కుళాయి కింద పెట్టి, బిందెతోనే మాట్లాడింది.

"విన్నావే బిందే, రేపు సత్యవంతుల ఇంట్లో తలస్నానమట. మా ఆయనా చేశాడు. నీళ్ళు చల్లగానే ఉన్నాయి, మాటా చల్లగానే చెప్పాడు. ఇప్పుడేమో పథ్యమంటున్నారట. కామెర్లట. నిన్నటిదాకా ట్రాక్టరు తోలినవాడికి."

ఊళ్ళో మాట గాలికన్నా ముందు నడుస్తుంది. కోటిరత్నం తన బిందె ఎత్తుకుంది. నడుము దగ్గర తడి తగిలింది. మూడేళ్ళ కిందట రోశయ్య తడిపంచెతో గట్టు మీద నిలబడ్డప్పుడు, ఆమె మనసులో స్వామికి దండం పెట్టుకుంది, మేకు దిగాలని. దిగింది. స్వామి విన్నాడనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే, స్వామి మాట్లాడాడా, లేక మేమే ఆయన నోట్లో మాట పెట్టి ఆయనే అన్నాడనుకున్నామా?

"బిందెతో ఏం మాట్లాడతావు మల్లేశ్వరీ, నాతో మాట్లాడు" అంది.

మల్లేశ్వరి కుళాయి కట్టేసి, సగం బిందెతోనే వెళ్ళిపోయింది.

*

మర్నాడు గట్టు మీద ఊరంతా ఉంది. దూరంగా తుమ్మచెట్టు దగ్గర మల్లేశ్వరి ఒక్కతే నిలబడింది. అంకయ్య చిన్న ముంతలో సున్నం కలుపుకుని వచ్చాడు. రామాంజనేయులు గొంతు సవరించుకుని, "మామా, కుర్రాడికి నాటు మందు..." అని మొదలుపెట్టాడు.

"మందూ లేదు, మాకూ లేదు" అంటూ కోటిరత్నం ముందుకి వచ్చింది. చీర అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "వాడు ఆగుతాడు. ముందు నేను చేస్తాను ప్రమాణం."

"నీ మీద ఎవరు నింద వేశారమ్మా?" అన్నాడు అంకయ్య.

"సాక్షి గడప ఎవరికీ మూయకూడదని అన్నది నువ్వే కదా మామా."

అంకయ్య పక్కకి జరిగాడు. ఆమె వంగి మేకు మీద అరచెయ్యి వేసింది. ఎండకి ఇనుము కాలుతోంది. గట్టిగా, తుమ్మచెట్టు దాకా వినబడేలా చెప్పింది.

"ఈ వీరబాబు నా కడుపున పుట్టినవాడు. అది అబద్ధమైతే మేకు దిగిపోవాలి. గీత గియ్యి మామా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఎవడో కిసుక్కున నవ్వాడు. అంకయ్య భార్య, ఊళ్ళో సగం పురుళ్ళు పోసిన మనిషి, "ఇదేం ప్రమాణమే పిచ్చిదానా, నా చేతుల్లో పడ్డాడు కదే వాడు!" అంది.

"అందుకే చేశానత్తా. ఇందులో మీకెవరికీ అనుమానం లేదు. వానలు పడ్డాక మూత తీద్దాం. గీత కనబడదు. అప్పుడు నన్ను ఏమంటారో చూస్తాను. నా మాట అబద్ధమంటారా, మేకు మాట అబద్ధమంటారా?" తుమ్మచెట్టు వైపు తిరిగింది. "రోశయ్య చేసిందీ ఈ రోజుల్లోనే."

గట్టు మీద జనం ఒక్కసారిగా అరిచారు.

"అప్పుడు చేయించింది ఎవరు? నువ్వు కాదూ?"

"నేనే."

"మరిదికి పనికొచ్చిన సాక్షి కొడుక్కి పనికిరాదా?" రాము మీదమీదకి వచ్చాడు. "కొడుకు మెడకి చుట్టుకునేసరికి తెలివొచ్చింది! ఆ సాయిబు ఎంతిచ్చాడు? కొడుకుని కాపాడుకోవడానికి ఊరి సాక్షిని చంపుతావా?"

"కొడుకు కోసమే వచ్చింది తెలివి. కాదనను. అంతకుముందు రాలేదు, అదే నా పాపం."

రామాంజనేయులు ఆమె జబ్బ పట్టుకుని లాగాడు. "నోరు ముయ్యవే! ఇంటిల్లిపాదినీ వీధిలో నిలబెట్టావు కదే!" ఆమె కదల్లేదు. వీరబాబు తల దించుకుని చట్రం వైపే చూస్తున్నాడు. తల్లి తన కోసం నిలబడిందో, తనని అడ్డం పెట్టుకుని నిలబడిందో అతనికి తెలియలేదు.

అంకయ్య ముంతలో సున్నం మళ్ళీ కలిపాడు. తర్వాత వంగి గీత గీశాడు. గీత కొంచెం వంకరపోయింది. "నెల తిరిగేదాకా కుర్రాడి ప్రమాణం లేదు" అని మూత వేశాడు.

ఆ నెలంతా కోటిరత్నం ఇంటికి ఎవరూ నిప్పుకీ ఉప్పుకీ రాలేదు. ఆమె వంతు కూడా కుళాయి దగ్గర ఆఖరికి పోయింది. మల్లేశ్వరి కన్నా కూడా వెనక్కి. వాకిట్లో ముగ్గు మీద ఎవరో పేడనీళ్ళు పోశారు. భర్త వరండాలో పడుకున్నాడు. ఆషాఢంలో నల్లటి మబ్బు పట్టి, రెండు విడతలుగా దంచి కొట్టింది. పత్తి గింజలు పెట్టారు. వంటింటి గోడ బీట సన్నబడింది. ఒక పొద్దున తలుపు గడపకి పట్టేసింది. భుజంతో నెట్టి తెరిచింది కోటిరత్నం.

మూత తీసిన రోజున సన్నటి జల్లు పడుతోంది. అంకయ్య వంగి చూశాడు. లేచాడు. మళ్ళీ వంగి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. గీత అంచుకి కిందికి పోయింది.

రాము ఒక్కడే ఉండబట్టలేక, "అయితే చెప్పింది కదా మేకు! వీరబాబు ఎవరికి పుట్టాడో కనుక్కోండి" అన్నాడు.

అంకయ్య భార్య వాడి వైపు తిరిగింది. "బొడ్డు కోసింది నేనురా, సచ్చినోడా. నీక్కూడా నేనే కోశాను. నువ్వు మీ అమ్మకి పుట్టలేదని వచ్చే జ్యేష్ఠంలో మేకు చేత చెప్పించమంటావా?"

అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు. సంగతి విని తన ఊరి నుంచి వచ్చిన కుమ్మరిపాలెం పిల్ల తండ్రి గుంపులోంచి బయటికి వచ్చి, మేకు వైపు చూసి ఉమ్మేసి వెళ్ళిపోయాడు. అంకయ్య సున్నపు ముంత కాలువలోకి విసిరేశాడు. కోటిరత్నం వైపు చూసి, "మాకు ఒక దిక్కు ఉండేదమ్మా" అన్నాడు. ఆ మాటలో మెప్పు లేదు. తర్వాత కూడా ఎవరూ మెచ్చుకోలేదు. రాము రాగి తీగ ఎవరు తీశారో తేలలేదు. ట్రాక్టరు ఆసామి వీరబాబుని పనిలో ఉండనిచ్చాడు, కానీ పొద్దుగూకేసరికి తాళాలు అడిగి తీసుకుంటున్నాడు.

మల్లేశ్వరి ఆ రోజు సాయంత్రం వాకిట్లోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"రోశయ్యని రమ్మని కబురు చెయ్యి" అంది కోటిరత్నం.

"రమ్మనడానికి నువ్వెవరు? పొమ్మన్న నోరే కదా అది."

"అందుకే చెప్తున్నా."

"నాతో కాదు. వెళ్ళి ఆయనతో చెప్పు. మూడేళ్ళు బతిమాలి రప్పించలేకపోయాను నేను. నీ నోటితో చెప్పు, ఏమంటాడో విను." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. "నిన్ను అక్కా అని పిలుస్తానని మాత్రం అనుకోకు."

*

చీమకుర్తికి ఒంగోలు మీదుగా పోవాలి. కోటిరత్నం బస్టాండు దగ్గర అడుగుతూ అడుగుతూ కూలర్ల షాపుకి వెళ్ళి, ఖాదర్ గునపం గల్లా మీద పెట్టింది. "ఇదిగో నీ సొత్తు. నీవల్ల ఊళ్ళో నాకు మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదు."

అతను గబుక్కున లేచాడు. "గీత దిగిందా అమ్మా?"

"దిగింది."

"ఒకటే మేకు! నేను చెప్పాను మా వాళ్ళకి!" అంటూ ఫోను అందుకోబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. స్టూలు జరిపాడు. టీ తెప్పిస్తానన్నాడు. ఆమె కూర్చోలేదు. "మూత సరిగ్గా పెట్టాం" అని మాత్రం చెప్పి బస్సెక్కింది.

చీమకుర్తిలో దిగేసరికి లారీల దుమ్ముకి నోట్లో ఇసుక కరకరలాడింది. రాళ్ళు కోసే షెడ్డు ముందు నిలబడి పేరు చెబితే ఎవరో లోపలికి కేకేశారు. రోశయ్య బయటికి వచ్చాడు. జుట్టూ కనుబొమలూ దుమ్ముతో బూడిదరంగులో ఉన్నాయి. వయసు పెరిగిందో, దుమ్మే పట్టిందో ఆమెకి తెలియలేదు. అతను మొహం కడుక్కోలేదు. కూర్చోమనలేదు.

ఆమె నిలబడే చెప్పింది. మట్టి గురించి, చట్రం గురించి, తన ప్రమాణం గురించి. కొడుకు మీద నింద పడితే గానీ తనకి కళ్ళు తెరుచుకోలేదన్నది కూడా దాచలేదు. లోపల రంపం ఆగకుండా కోస్తోంది. ఆమె గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది.

అతను అంతా విన్నాడు. "అయితే నేను తెంపలేదా వదినా?" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. "నువ్వు తెంపలేదు. మేము తప్పు..."

"కాదు. విను." దగ్గు వచ్చింది. ఆగి ఉమ్మాడు. "ఆ నెలంతా రోజూ పొద్దున్నే ఎవరూ చూడకుండా వెళ్ళి మూత తీసి చూసేవాణ్ణి. ముట్టుకోకూడదని తెలుసు. అయినా చూశాను. వానలు మొదలయ్యాక రోజుకింత గీత దిగిపోతోంది. నేను తెంపలేదని నాకు తెలుసు కదా. కానీ దిగిపోతోంది. ఏడెనిమిది రోజులయ్యాక నాకే అనుమానం వచ్చింది. నిద్దట్లో లేచి వెళ్ళానేమో. తాగి మర్చిపోయానేమో. మూడేళ్ళు అనుకున్నాను వదినా, నేనే తెంపి ఉంటానని. మల్లేశ్వరి ఎన్నిసార్లు రమ్మన్నా అందుకే రాలేదు. తప్పు చేసినవాడు ఏ మొహంతో వస్తాడు?"

ఊరు అతన్ని దోషి అన్నదని కోటిరత్నం అనుకుంటూ వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవచ్చనుకుంది. అతని చేత అతన్నే అనిపించినదాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు?

లోపలి నుంచి మేస్త్రీ పిలిచాడు. రోశయ్య తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఎలుకలే అయి ఉంటాయి" అన్నాడు తనలో తాను. "ఆ గట్టు నిండా ఎలుకలే."

"ఇంటికి రా రోశయ్యా."

అతను ఆమె మొహంలోకి మొదటిసారి తేరిపార చూశాడు. "ఎందుకొచ్చావు వదినా? అన్నయ్య రాలేదే?" అని, జవాబు కోసం ఆగకుండా షెడ్డులోకి వెళ్ళిపోయాడు. రంపం మళ్ళీ రాతిని పట్టుకుంది. ఆమె దుమ్ములో నిలబడి, షిఫ్టు దిగేదాకా ఆగుదామని, గోడవారగా ఉన్న రాతిముక్క మీద కూర్చుంది.